బీరువా మీద ఎనిమిది నెలలు

మా ఇంట్లో వాడుక తప్పిన వస్తువులన్నీ చివరికి చేరేది పడకగదిలోని బీరువా మీదికే. జారు పగిలిన మిక్సీ, మా అమ్మాయి పదో తరగతి రికార్డు పుస్తకాలు, ఎవరో పెళ్లికి ఇచ్చిన గోడ గడియారం, మావారు నడుము నొప్పికని కొని రెండు రోజులు కట్టుకున్న బెల్టు. 2022 జూన్‌లో మావారి కోసం కొన్న సీప్యాప్ యంత్రం, అంటే నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి ఊదే యంత్రం, ఆ నెల తిరక్కుండానే వాటి సరసన చేరింది. లెక్కగా చెప్పాలంటే నికరంగా పదకొండు రాత్రులు పనిచేసింది, ఎనిమిది నెలలు దాదాపుగా దుమ్ము పట్టింది. మాస్కుతో కలిపి దాని ఖరీదు యాభై ఎనిమిది వేలు. అంత ఖరీదైన వస్తువు బీరువా మీదే కాదు, బీరువాలో ఉన్న నా చీరల్లోనూ లేదు.

ఆ ఎనిమిది నెలలూ నేను అందరితో చెప్పిన మాట ఒకటే. ఆయన మొండి మనిషి, ఎవరు చెప్పినా వినరు. చుట్టాలతో చెప్పాను, పక్కింటివాళ్లతో చెప్పాను, చివరికి డాక్టరుతోనూ చెప్పాను. డాక్టరు కూడా తల ఊపి, కేసు కాగితం మీద రోగి సహకరించడం లేదన్న అర్థం వచ్చే మాట ఒకటి రాశారు. ఇప్పుడు ఆ మాట మీదే నాకు కోపం. మనిషి ఊపిరి నిలబెట్టే యంత్రాన్ని ఇరవై నిమిషాల్లో అమ్మేసి, నెల తరువాత రమ్మని పంపించి, అది బీరువా ఎక్కితే తప్పు రోగిదని రాసుకోవడం న్యాయం కాదు. ఈ వ్యాసమంతా ఆ అన్యాయం గురించే. అందులో నా వాటా కూడా ఉంది, దాచుకోను.

ముందు రోగం సంగతి. మన భాషలోనే ఒక తిరకాసు ఉంది. 'గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు' అంటే హాయిగా పడుకున్నాడని అర్థం. మా అత్తగారైతే కొడుకు గురక గురించి గర్వంగా చెప్పేవారు, చిన్నప్పుడు వాడు పడుకుంటే మూడిళ్ల అవతలికి వినిపించేదని. కుంభకర్ణుడితో పోలుస్తూ నవ్వుకునేవాళ్లం. పెళ్లయిన పదిహేనేళ్లకు గానీ నేను గమనించలేదు, అసలు భయపడవలసింది గురక వినిపించినప్పుడు కాదు, ఆగినప్పుడని. గురక ఠక్కున ఆగిపోతుంది. పొట్ట, ఛాతీ ఎగసిపడుతూనే ఉంటాయి కానీ ముక్కు దగ్గర వేలు పెడితే గాలి ఉండదు. నేను చీకట్లో లెక్కపెట్టేదాన్ని. ఇరవై, ఇరవై అయిదు, ఒక్కోసారి నలభై. తరువాత నీళ్లలో మునిగి తేలినవాడిలా ఒక పెద్ద ఎగశ్వాస, మళ్లీ గురక.

స్లీప్ అప్నియా అంటే అదే. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి ఒక్క క్షణం మనిషిని తట్టి లేపుతుంది, దారి తెరుచుకుంటుంది. ఆ లేచిన సంగతి మనిషికి గుర్తుండదు. గంటకు అయిదుసార్ల లోపు ఇలా జరిగితే పట్టించుకోరు. పదిహేను దాటితే మధ్యస్థం, ముప్ఫై దాటితే తీవ్రం. తలకు, ఛాతీకి, కాళ్లకు వైర్లు అతికించి ఒక రాత్రంతా చేసిన పరీక్షలో మావారికి వచ్చిన అంకె 42. ఆక్సిజన్ 74 దాకా దిగింది.

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అంటారు. ఈ రోగంలో నిద్ర కష్టాన్ని కూడా ఎరుగదు, చిక్కంతా అక్కడే. తన గురక తను వినడు. తన ఊపిరి ఆగడం తను చూడడు. పొద్దున లేచాక తలనొప్పి, కుర్చీలో కూర్చుంటే కునుకు, మందులకు లొంగని బీపీ, చిరాకు ఉంటాయి. వాటిని వయసు మీదికో బ్యాంకు ఉద్యోగం మీదికో నెట్టేయవచ్చు. మావారు అదే చేశారు. రోగం ఆయనది, సాక్ష్యం నాది. యంత్రం పెట్టుకుంటే ఇబ్బందంతా ఆయనకు, ప్రశాంతత మొదట నాకు. మా డాక్టరు దీన్ని కళ్లజోడుతో పోల్చారు. కళ్లజోడు పెట్టగానే బస్సు బోర్డు కనిపిస్తుంది. సీప్యాప్ పెట్టగానే కనిపించేది చీకటి, వినిపించేది గాలి రొద. దాని ఫలితం కొందరికి మర్నాడే తెలుస్తుంది, కొందరికి వారాలు పడుతుంది. ఈ తేడా ఒప్పుకోకుండా ఎంత ఉపదేశం చేసినా చెవికెక్కదు.

ఇక అమ్మకం గురించి. ఒక కుర్రాడు డబ్బా తెచ్చాడు. ఇది స్విచ్చు, ఇది గొట్టం, ఇందులో నీళ్లు పోయండి, మాస్కు పెట్టుకుని పడుకోండి సార్, అలవాటైపోతుంది. మావారు అప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. మాస్కును ఆయన ముఖానికి ఒకసారి ఆనించి చూసి, సరిపోయిందని చెప్పి, సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. మా ఇంటికి ఫ్రిజ్ వచ్చినప్పుడు కంపెనీ మనిషి రెండుసార్లు వచ్చాడు. నీళ్ల ఫిల్టరువాళ్లయితే మూడు నెలలకోసారి క్యాండిల్ మార్చాలని తరుముతూనే ఉంటారు. ఈ యంత్రం అమ్మినవాళ్ల నుంచి మాకు వచ్చిన ఒకే ఒక్క ఫోను, మా అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తామని.

ఆ పదకొండు రాత్రులూ నాకు విడివిడిగా గుర్తున్నాయి. మొదటి రాత్రి, యంత్రం నాలుగు పీడనంతో మొదలైంది. మెల్లగా ఊదుతూ నలభై అయిదు నిమిషాల్లో పదకొండుకు చేరే ఏర్పాటు అది. సౌకర్యంగా ఉంటుందని పెట్టిన ఆ మెల్లదనమే ఆయనకు గాలి చాలనట్టు అనిపించింది. కిటికీ తెరవమన్నారు. రెండో రాత్రి మాస్కు పక్కల నుంచి గాలి జారి కళ్లలో కొట్టింది. బెల్టులు బిగించాం. బిగించేకొద్దీ ఇంకా జారింది. నాలుగో రోజుకు ముక్కు దూలం మీద ఎర్రటి పుండు. అయిదో రోజు నాలుక చెక్కలా ఎండిపోయింది. ఏడో రాత్రి గాలి మింగి పొట్ట ఉబ్బి, తెల్లవార్లూ తేనుపులు. ఏ నీళ్లయినా పరవాలేదని కుర్రాడు చెప్పడంతో బోరు నీళ్లు పోశాం. గుంటూరు బోరు నీళ్ల సంగతి తెలిసిందే, వారానికల్లా నీళ్ల తొట్టి అడుగున తెల్లటి ఉప్పు పెచ్చు కట్టింది. తొమ్మిదో రాత్రి గాలివానకు కరెంటు పోయి యంత్రం ఆగిపోయింది. నోరు కూడా కప్పే మాస్కులో గాలి ఆగితే తెరుచుకునే చిన్న రెక్క ఒకటి ఉంటుందనీ, ఊపిరి ఆడకుండా పోదనీ మాకు ఎవరూ చెప్పలేదు. ఆయన పీక నులిమినట్టు లేచి మాస్కు లాగిపారేశారు.

పదో రాత్రి జరిగింది మాత్రం ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు. మా అత్తగారు మంచినీళ్ల కోసం లేచి, గది తలుపు కొద్దిగా తెరిచి ఉంటే లోపలికి చూశారు. వెల్లకిలా పడుకున్న కొడుకు, ముఖాన మాస్కు, గొట్టం, పక్కన వెలుగుతున్న అంకెలు. 2021 మేలో ఆమె తమ్ముణ్ని ఆసుపత్రిలో చివరిసారిగా ఫోనులో చూపించినప్పుడు ఆయన సరిగ్గా ఇలాగే ఉన్నారు. ఆవిడ ఏడుపుకు ఇల్లంతా లేచింది. రెండో దఫా కరోనా తరువాత మన ఇళ్లలో ఆ దృశ్యానికి ఒకటే అర్థం. మర్నాడు ఆవిడ ఏమీ అనలేదు, దేవుడి దగ్గర దీపం పెట్టి ఊరుకున్నారు. మావారు ఇంకొక్క రాత్రి ప్రయత్నించారు. పన్నెండో రోజు పొద్దున చూస్తే యంత్రం బీరువా మీద ఉంది.

అప్పటి నుంచి నేను చేసింది పోలీసు పని. పెట్టుకున్నారా, ఎందుకు పెట్టుకోలేదు, యాభై ఎనిమిది వేలు బూడిదలో పోసినట్టే కదా. కొన్నాళ్లు ఆయన దాన్ని కిందికి దించి, నేను నిద్రపోయేదాకా పెట్టుకుని, తరువాత తీసేసేవారు. పొద్దున అడిగితే రాత్రంతా పెట్టుకున్నానని చెప్పేవారు. ఈ అబద్ధానికి చరిత్ర ఉందని నాకు తరువాత తెలిసింది. 1993లో అమెరికాలో 35 మంది యంత్రాల్లో, వాళ్లకు తెలియకుండా, వాడకాన్ని నిమిషం నిమిషం లెక్కించే పరికరం అమర్చి ఒక అధ్యయనం చేశారు. రోజూ రాత్రి వాడుతున్నామని చెప్పినవాళ్లు 60 శాతం. పదింట ఏడు రోజులైనా కనీసం నాలుగు గంటలు వాడినవాళ్లు 46 శాతమే. మనుషులు తిట్లకు భయపడి అబద్ధం చెబుతారు, దానికి అమెరికా అయినా మా గుంటూరు బ్రాడీపేట అయినా ఒకటే.

ఆ అధ్యయనంలో కొలత కోసం పెట్టుకున్న నాలుగు గంటలు, పదింట ఏడు రోజులు అన్న లెక్కే తరువాత పాసు మార్కుగా స్థిరపడింది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ మొదటి మూడు నెలల్లో వరుసగా 30 రోజులు ఈ లెక్క చూపించమంటుంది, లేకపోతే డబ్బు ఆపేస్తుంది. నాకు ఈ పాసు మార్కు నచ్చదు. కలలు వచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది. ఆ నిద్రలో కండరాలు మరీ వదులవుతాయి కనుక చాలామందికి ఊపిరి ఎక్కువసేపు ఆగేది కూడా అప్పుడే. పదింటికి మాస్కు పెట్టుకుని రెండింటికి తీసేసే మనిషి కాగితం మీద పాసవుతాడు, అసలు గండం ఉన్న గంటల్లో మాత్రం ఏ రక్షణా లేకుండా పడుకుంటాడు. అయితే ఇదే మాట ఇంకోవైపు నుంచి కూడా చెప్పాలి. మూడు గంటలు పెట్టుకున్న మనిషిని ఫెయిలయ్యావని వెళ్లగొట్టడం అంతకంటే తెలివితక్కువ పని. మూడు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి ఆరుకు నడిపించవలసినవాడు అతను.

మొండితనం వాదనకు నా దగ్గరున్న జవాబు ఇది. ఇరవై ఏళ్ల కాలంలో వచ్చిన 66 అధ్యయనాలను కలిపి చూసి 2016లో ఒక లెక్క ప్రచురించారు. సుమారు మూడో వంతు మంది యంత్రాన్ని సరిగా వాడటం లేదు, ఇరవై ఏళ్లలో ఆ అంకె చెప్పుకోదగ్గంత కదలలేదు. ఈలోగా యంత్రాలు చిన్నవయ్యాయి, రొద తగ్గింది, మాస్కులు మెత్తబడ్డాయి. అంటే వస్తువును బాగుచేసినంత మాత్రాన పని జరగలేదు. పోనీ మనుషులదే తప్పు అందామా? ప్రపంచంలో ప్రతి దేశంలోనూ మూడో మనిషి మొండివాడేనా? వస్తువుకూ మనిషికీ నడుమ ఉండవలసిన మూడోదేదో లేదు.

ఆ మూడోది ఎప్పుడు కావాలో కూడా 1997 నుంచే తెలుసు. రాత్రి రాత్రికీ వాడకాన్ని కొలిచినప్పుడు, నిలకడగా వాడేవాళ్లూ విడిచి విడిచి వాడేవాళ్లూ నాలుగో రోజుకే వేరుపడిపోయారు. నాలుగో నెల కాదు, నాలుగో రోజు. మా ఇంట్లో నాలుగో రోజున ముక్కు మీద పుండు పడింది. మేము ఎవరిని అడగాలో తెలియక కొబ్బరినూనె రాశాం. నూనె రాస్తే మాస్కు మరింత జారుతుందని తెలియదు. నెల తరువాత రండి అని రాసిన చీటీ ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంది.

ఈ యంత్రం పుట్టిన కథ చదివినప్పుడు నాకు అసూయ కలిగింది. 1980 నాటికి తీవ్రమైన అప్నియాకు ఉన్న ముఖ్యమైన చికిత్స గొంతుకు రంధ్రం చేయడమే. అది చేయించుకోవడానికి ఒప్పుకోని రోగి ఒకరు సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు దగ్గరకు వచ్చారు. సల్లివన్ ఒక వ్యాక్యూమ్ క్లీనర్ మోటారును తిరగేసి, అది పీల్చే గాలిని ఊదేలా చేసి, ముక్కుకు గొట్టం కలిపారు. ఆ మనిషి రాత్రంతా నిద్రపోయాడు. 1981లో అయిదుగురు రోగుల ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. తొలినాళ్లలో మాస్కును రోగి ముక్కు అచ్చు తీసి పోతపోసేవారు, రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించేవారు. మోటారు రొదకు దాన్ని ఎక్కడో దూరంగా పెట్టవలసి వచ్చేది. అంత మోటు పరికరాన్ని భరించిన ఆ తొలి రోగులకు ఉన్నదీ మాకు లేనిదీ ఒకటే, పక్కన మెలకువగా కూర్చుని గొట్టం సరిచేసే మనిషి.

మా వ్యవహారం మారింది 2023 ఫిబ్రవరిలో. విజయవాడలో పెళ్లి చూసుకుని పొద్దుపోయాక తిరిగి వస్తున్నాం. కాజ టోల్ ప్లాజా దాటాక కారు మెల్లగా ఎడమవైపు జరగడం మొదలుపెట్టింది. ఇండికేటరు వేయలేదేమిటా అని ఆయన వైపు చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషి లేడు. స్టీరింగు నేను పట్టుకుని లాగాను. రెయిలింగు అద్దాన్ని మాత్రం తీసుకుపోయింది. రోడ్డు పక్కన ఆగి ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ రాత్రి కూడా ఆయన యంత్రం దించలేదు, ఇది ఎందుకు చెబుతున్నానంటే భయంతో మనుషులు మారతారన్న మాటను నేను ఇప్పుడు నమ్మను. అంతకు ఏడాది ముందు బప్పీ లహరి పోయినప్పుడు, ఆయన మరణానికి ఈ అప్నియాయే కారణమని పేపర్లు రాశాయి. ఆయన పాటలకు కాలేజీలో డాన్సు చేసిన మావారు ఆ వార్తను రెండుసార్లు చదివి, మడిచి, కునుకు తీశారు.

మారింది ఒక అమ్మాయి వల్ల. ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయన మమ్మల్ని అయిదు నిమిషాల్లో ముగించి, తన స్లీప్ ల్యాబులో పనిచేసే టెక్నీషియన్ దగ్గరకు పంపారు. ఇరవై అయిదేళ్లుంటాయేమో. ముందుగా ఎందుకు మానేశారని అడగలేదు. "ఏ రాత్రి ఏమైంది అంకుల్?" అని అడిగింది. మావారు పదకొండు రాత్రులూ చెప్పారు. నాతో ఎప్పుడూ చెప్పలేదు, నేను ఆ ప్రశ్న వేయలేదు కాబట్టి. ఆ తరువాత ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, యంత్రాన్ని పూర్తి పీడనంలో నడిపించి, అప్పుడు మాస్కు సరిచూసింది. కూర్చున్నప్పటి ముఖం వేరు, పడుకున్నప్పటి ముఖం వేరు, చెంపలు జారతాయి కదా ఆంటీ, అంది. బెల్టులు బిగించడం కాదు, వదులు చేసింది. మెత్తటి అంచు గాలికి ఉబ్బి ముఖానికి అతుక్కోవాలట, బిగిస్తే నలిగిపోయి సందులు పడతాయట. మొదలయ్యే పీడనాన్ని నాలుగు నుంచి ఆరుకు పెంచింది. గాలి చాలడం లేదన్న బాధ ఆ ఒక్క మీట నొక్కుతో పోయింది. ఎనిమిది నెలలు!

అప్పుడు మీసాల ప్రసక్తి వచ్చింది. ముక్కూ నోరూ కప్పే మాస్కు అంచు మీసాల మీదుగా వెళుతుంది, అక్కడి నుంచే గాలి కారుతోంది. మావారి మీసాలు ఆయన ఇంటర్ నాటివి. ఆ అమ్మాయి వాటి వైపు చూసింది, ఆయన నా వైపు చూశారు, నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. ఆమె నవ్వి, సొరుగులోంచి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే రెండు చిన్న మెత్తటి గొట్టాల మాస్కు తీసింది. మీసం బతికింది. దానికోసం ముందు ముక్కు దిబ్బడ తగ్గాలని ముక్కులో కొట్టుకునే మందు రాయించింది, గాలిలో తేమ పెంచింది, బోరు నీళ్లు మాని డిస్టిల్డ్ వాటర్ పోయమంది. నాలుగు రకాల మాస్కులు ఆయన ముఖం మీద పెట్టి చూసింది. కొన్నప్పుడు మాకు చూపించింది ఒకటే.

ఆ తరువాత ఇంటి పని ఇచ్చింది. మూడు రోజులు రాత్రి పెట్టుకోవద్దు. సాయంత్రం టీవీ చూస్తూ, ముందు గొట్టం లేకుండా వట్టి మాస్కు, తరువాత గాలితో, అరగంట. మావారు ఇండియా ఆస్ట్రేలియా టెస్టు మ్యాచ్ ఏనుగు తొండంతో చూశారు. మా అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టాం. మాస్కు పెట్టుకుని కొడుకు అంపైరును తిడుతుంటే విన్న తరువాత ఆవిడ భయం సగం పోయింది. మిగతా సగం, ఆ మాస్కును ఆవిడే పొద్దున్నే సబ్బు నీళ్లతో కడగడం మొదలుపెట్టాక పోయింది.

ఆ అమ్మాయి రెండో రోజు పొద్దున ఫోను చేసింది. నాలుగో రోజు చేసింది. ఏడో రోజు చేసింది. ఒక్కో ఫోను అయిదు నిమిషాలు దాటలేదు. నాకు విడిగా ఒక మాట చెప్పింది. "ఆంటీ, అర్ధరాత్రి మాస్కు తీసేసినా మీరు లేపి పెట్టవద్దు. పొద్దున ఎన్ని గంటలో యంత్రమే చెబుతుంది, మీరు అడగవద్దు." పోలీసు ఉద్యోగం పోయింది. బదులుగా రాత్రుల సంగతి ఆయనకు చెప్పే పని మిగిలింది. నిన్న ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు, నేనూ నిద్రపోయాను, అని మూడో వారంలో చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని కాసేపు నా ముఖం చూశారు. ఇరవై రెండేళ్లలో నేను నిద్రపోలేదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

ఇది ఒక మంచి అమ్మాయి కథ అని తీసిపారేయవచ్చు. కానీ ఆమె చేసింది మాయ కాదు. ఇలాంటి మాటసాయం, భయాలు వదిలించే శిక్షణ ఉన్నవాళ్లు రాత్రికి సగటున గంటకు పైగా ఎక్కువ వాడుతున్నారని వైద్య అధ్యయనాలను కలిపి తూచే కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. దక్షిణ కాలిఫోర్నియాలో 1,455 మందితో చేసిన ప్రయోగం 2018లో వచ్చింది. వీడియో పాఠాలు మాత్రమే చూపించినవాళ్లలో వాడకం పెద్దగా పెరగలేదు. యంత్రం నుంచి లెక్కలు తెప్పించుకుని, తగ్గినప్పుడల్లా ఫోనుకు సందేశం పంపినవాళ్లలో పెరిగింది. చదివిస్తే కాదు, గమనిస్తే వాడతారన్నమాట. గమనించడానికి స్పెషలిస్టు డాక్టరే అక్కర్లేదు. మన దేశంలో పనిచేసే వయసువాళ్లలో పది కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్ల అంచనా. అందరికీ స్లీప్ ల్యాబులు నేడో రేపో రావు. యంత్రం కొన్నవాళ్లకు మాత్రం ఒక ఫోను రావచ్చు.

మా ఆడపడుచు కొడుకు డాక్టరు. పండక్కి వచ్చి, అత్తయ్యా ఇంత హడావిడి ఎందుకు, సీప్యాప్ వల్ల గుండెపోట్లు తగ్గవని పెద్ద అధ్యయనంలో తేలింది కదా, అన్నాడు. నిజమే, 2,717 మందితో జరిగి 2016లో ఫలితాలు వెలువడిన సేవ్ అధ్యయనం అది. మన దేశం వాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్లు రాత్రికి సగటున వాడింది ఎంతసేపు అని అడిగాను. మూడు గంటల ఇరవై నిమిషాల లోపే. పగటి నిద్రమత్తు మరీ తీవ్రంగా ఉన్నవాళ్లను అందులో చేర్చుకోనే లేదు. అయినా నిద్రమత్తు, మనసు కుంగుబాటు తగ్గాయని అదే అధ్యయనం చెప్పింది. సగం మాత్ర మింగించి మందు పనిచేయలేదని తీర్పు చెప్పడం తొందరపాటే. నిండుగా వాడితే గుండెకు మేలని అక్కడికక్కడే రుజువైపోయిందని కూడా నేను అనను. నాకు కాజ టోల్ ప్లాజా దగ్గరి రెయిలింగు చాలు.

అందరికీ ఇదే సరిపడుతుందనీ అనను. ఎంత సాయం చేసినా పెట్టుకోలేనివాళ్లు ఉంటారు. తక్కువ స్థాయిలో ఉన్నవాళ్లకు కింది దవడను ముందుకు జరిపే పలకలు ఉన్నాయి, పక్కకు తిరిగి పడుకుంటే చాలినవాళ్లు ఉన్నారు, బరువు తగ్గితే తగ్గినవాళ్లు ఉన్నారు. 2024 డిసెంబరులో అమెరికాలో బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఊబకాయంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్లకు అనుమతించారు. అప్పట్లో మా కాలనీలో ఇద్దరు మాస్కులు పక్కన పెట్టి సూది కోసం ఎదురుచూశారు. సూది వేసుకున్నా బరువు దిగడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో రాత్రులు ఉంటాయి. ఆడవాళ్ల గురక గురించి ఇంకో వ్యాసమే రాయాలి. మగవాడి గురక నవ్వులాట, ఆడదాని గురక పరువు తక్కువ. అందుకే మాలో చాలామంది పరీక్ష గది దాకానే రారు.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. యంత్రం ధరలోనే మొదటి వారం మూడు ఫోన్లు, ఒక ఇంటి సందర్శన కలిసి ఉండాలి. మాస్కు సరిపడకపోతే నెల రోజుల్లో మార్చుకునే వీలు రసీదు మీద రాసి ఇవ్వాలి. డాక్టరు చీటీలో 'నెల తరువాత' అన్న చోట 'నాలుగో రోజు' అని ఉండాలి. ఆసుపత్రిలో చేరలేదన్న కారణంతో మా బీమా కంపెనీ రూపాయి ఇవ్వలేదు, అది వేరే యుద్ధం. కానీ ఫోనుకు ఏ బీమా అక్కర్లేదు.

ఇప్పుడు మావారు ఆరున్నర గంటలు వాడుతున్నారు. గంటకు 42 కాస్తా మూడుకు దిగింది. బ్యాంకు మనిషి కదా, పొద్దున్నే లెడ్జరు చూసినట్టు ఆ అంకెలు చూసుకుంటారు. కిందటి కార్తికంలో అయ్యప్ప మాల వేసుకున్నారు. గడ్డం పెరిగినా ఈ మాస్కుకు అడ్డు రాలేదు గానీ నేలపడక దగ్గర తిప్పలు వచ్చాయి. మనిషి కింద, యంత్రం స్టూలు మీద. చలికి గొట్టంలో తేమ నీరై, వాలుకు జారి, సరిగ్గా ముక్కులోకి వచ్చింది. స్వామి గురక పోయి గుటకలు వేశారు. యంత్రాన్ని కూడా కింద ఒక పీట మీద పెడితే సర్దుకుంది. ఇవి ఎవరు చెబుతారు?

మొన్న సాయంత్రం నరసరావుపేట నుంచి మా వదిన ఫోను చేసింది. "తమ్ముడికి ఇచ్చిన యంత్రమే మీ అన్నయ్యకూ ఇచ్చారమ్మాయ్. రాత్రి పెట్టుకుని ఒంటిగంటకు తీసి పారేశారు. చెబితే వింటేనా, మొండి మనిషి." ఆ యంత్రం తెచ్చి ఎన్ని రోజులైంది వదినా అని అడిగాను. నిన్ననే అంది. యంత్రం ఎక్కడ పెట్టారు, ఏ నీళ్లు పోశారు, మాస్కు నోటిని కూడా కప్పుతుందా, ఇన్వర్టర్ ఉందా అని అడిగాను. ఈ రాత్రికి ఏమీ అనవద్దు, రేపు పొద్దున్నే బస్సెక్కి వస్తున్నాం, మీ తమ్ముడు కూడా వస్తారు, అన్నాను. మూడో రోజుకల్లా అక్కడ ఉంటాం.

ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది, మీసాల సంగతి అడగలేదని. అన్నయ్యవి మామూలు మీసాలు కావు.